చాకిరేవు నుండి మర వరకు

బట్టలుతుకు మర నేడు బెంగుళూరులోని మన తెలుగు ఇండ్లలో సామాన్య వస్తువైనది. దానిపై నీటిమట్టమును నిర్ణయించు మీట యొకటి కలదు. ఏ బట్టలకు ఎంత నీరు, చన్నీరా వేన్నీరా యను ప్రశ్న చిన్నదిగా తోచును. కాని దాని వెనుక నొక పాత విద్యయు, ఈ నగరపు నీటి చరిత్రయు ఉన్నవి.

మా బాల్యము చిత్తూరు జిల్లాలో గడచినది. మా ఇంటికి వచ్చెడి చాకలి అవ్వ మూట విప్పగానే బట్టలను వేరుచేసెడిది. తెల్లని పంచెలను చవుటి నీట ముంచి బానపై ఉబ్బకు పెట్టెడిది. రంగుచీరలను చన్నీట జాడించెడిది. పట్టుబట్టలను కుంకుడు రసముతో వేరుగా ఉతికెడిది. “అన్నిటికీ ఒకే నీళ్ళయితే గుడ్డ బతకదు నాయనా” అనెడిది. ఏటికి కొలిచిన ధాన్యమే ఆమె కూలి. ఆమెకు తెలిసినదానిని విద్య యని ఎవరును అనలేదు, మేమును అనలేదు.

ఇక ఈ నగరము మాట. 1537లో కెంపేగౌడ కట్టించిన ఈ ఊరికి పెద్ద నది లేదు, చెరువులే ఆధారము. నాటి ధర్మాంబుధి చెరువున్న తావుననే నేడు కెంపేగౌడ బస్సు నిలయమున్నది. 1890వ దశకమున హెసరఘట్ట నుండి అర్కావతి నీరు గొట్టములలో వచ్చెను. 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయము తోడయ్యెను. 1974లో కావేరి నీరు నగరమును చేరెను. సుమారు 100 కిలోమీటర్ల దూరము నుండి, యంత్రములతో ఎగువకెత్తి ఆ నీటిని తెచ్చుచున్నారు. ఆ పథకపు అయిదవ దశ 2024 అక్టోబరులో ప్రారంభమైనది.

అదే సంవత్సరము మార్చిలో నీటి కరవు వచ్చినది. త్రాగునీటితో వాహనములు కడిగినవారికి 5,000 రూపాయల జరిమానా యని జలమండలి ప్రకటించెను. ఆ దినములలోనే మేము రెండు తువాళ్ళు, ఒక పంచె మరలో వేసి మీటను పై గుర్తుకు త్రిప్పితిమి. ఆ సాయంత్రము క్రింది అంతస్తువారు బిందెలతో ట్యాంకరుకై నిలిచియుండుట చూచి తల వంచుకొంటిమి. కచేరీలో జీవితమంతయు పైసాపైసాకు లెక్క వ్రాసిన మాకు నీటి లెక్క రాలేదు.

పిమ్మట అవ్వ పద్ధతినే మరకు అన్వయించుకొంటిమి. తెల్లని నూలు దుప్పట్లు, తువాళ్ళు మరకు తగినన్ని చేరువరకు ఆగి, నిండు మట్టమున వేన్నీటితో ఉతుకుదుము. రంగుబట్టలకు చన్నీరు. కొద్ది బట్టలకు క్రింది మట్టము చాలును. నీరు మరీ తగ్గినచో బట్టలు తిరుగక సబ్బు నిలిచిపోవును. హెచ్చినచో నీటితో సబ్బుపొడియు వ్యర్థమగును. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణములు సబ్బును నురగనీయవు. నీరెంత హెచ్చిన ఆ లవణములును అంత హెచ్చును. సన్నని బట్టలకు మాత్రము కొంత ధారాళమైన నీరు, మెల్లని త్రిప్పు అవసరము. జరీ పట్టుచీరను మరకు ఒప్పగింపరాదు. కడపటి జాడింపు నీటిని పట్టియుంచి వాకిలి కడుగుదుము.

మన పిల్లలకు మీట త్రిప్పుట తెలియును. ఆ మీట వెనుక కావేరి దూరమును, అవ్వ నేర్పును కూడ మనము వారికి చెప్పవలెను.