గోడ అడిగే గడువు

సొంత ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు మా ఇంటికొచ్చి అడిగేవి ఎక్కువగా ఇవే: పూత పూసిన గోడకు వెంట్రుకవాసి పగుళ్ళు ఎందుకొచ్చాయి, శ్లాబు అడుగున చెమ్మ ఎందుకు దిగుతోంది, ఏడాది తిరక్కముందే గడప దగ్గర నేల ఎందుకు కుంగింది. మాది రేపల్లె ప్రాంతం. మా నాన్న తాపీ మేస్త్రీ. ఆయన దగ్గరే తాపీ పట్టడం నేర్చుకుని, తర్వాత డిప్లొమా చదివి, ప్రభుత్వ భవనాల పనులు చూసి రిటైరయ్యాను. సున్నం పని చివరి రోజులు, సిమెంటు పని తొలి రోజులు రెండూ ఇంట్లోనే చూశాను.

వచ్చినవాళ్ళు సిమెంటు బ్రాండులోనో ఇసుకలోనో జవాబు వెతుకుతుంటారు. ముందు మన గోడల చరిత్ర చూడమంటాను నేను. మట్టికి, సున్నానికి, సిమెంటుకు దేని గడువు దానికి ఉంది. ఆ గడువు పనిలో ఎక్కడ పడుతుందో ఎరిగి, అక్కడ పని ఆపించగలిగినవాణ్ణే మా వాళ్ళు మేస్త్రీ అనేవారు. సరుకు మారినప్పుడల్లా ఆగాల్సిన చోటు కూడా మారింది. ఆ మార్పు అందరికీ అందకముందే పని వేగం పెరిగింది. ఇవాళ సైటు మీద కనిపించే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇదే.

మా వైపు ఇల్లనుకుంటే మొదట బావి తవ్వేవారు. కట్టుబడికి నీళ్ళు కావాలన్నది ఒక కారణం. బావి తవ్వుతుంటే నేల లోపల ఏముందో కళ్ళకు కనిపించేది, అది రెండో కారణం. నల్లరేగడి ఎన్ని అడుగుల దాకా ఉంది, సుద్ద ఎక్కడ మొదలైంది, ఇసుక పొర తగిలిందా లేదా, నీరు తీపా ఉప్పా అన్నీ తెలిసేవి. ఇప్పుడు మనం సాయిల్ టెస్టు అంటున్నది అప్పట్లో బావి గట్టు మీదే అయిపోయేది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుపోయి చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. అందుకే రేగడి దాటి గట్టినేల తగిలేదాకా పునాది తీసేవారు. తగలకపోతే గాడిలో ఇసుక పోసి, నీళ్ళు పెట్టి, కూరి, దాని మీద కట్టేవారు.

గోడ మట్టిదే. అడుసు తొక్కి, గడ్డి కలిపి, నాననిచ్చి, మూరెడు ఎత్తు రద్దా పెట్టి ఆగేవారు. అది ఆరి పై బరువు మోయగలదనుకున్నాకే రెండో రద్దా. తొందరపడితే గోడ పొట్ట పెట్టేది. సంక్రాంతి వెళ్ళి నూర్పిళ్ళు అయ్యాక పని మొదలుపెడితే తొలకరిలోపు తాటాకు కప్పు పడాలి. అలా ఏడాదిలో ఇల్లు కట్టే కాలం ఏదో, ఎంతో పొలం పనే తేల్చేది. మట్టి ఆరడానికి కావలసిన ఎండ కూడా సరిగ్గా ఆ నెలల్లోనే దొరికేది.

ఉన్నవాళ్ళ ఇళ్ళకు, గుళ్ళకు, కోటలకు సున్నం వాడేవారు. తీరాన ఉన్న ఊళ్ళు గుల్లలు కాల్చుకునేవి. మా వైపుకు రాతి సున్నం పల్నాడు నుంచి వచ్చేది. పిడుగురాళ్ళ పేరు చెబితే ఇప్పటికీ సున్నపు బట్టీలే గుర్తొస్తాయి. ఆ రాతికి ఎంత గిరాకీ ఉండేదో చెప్పడానికి అమరావతి ఒక్కటి చాలు. అక్కడి బౌద్ధ మహాచైత్యానికి తొడిగిన పలకలన్నీ పల్నాటి సున్నపురాయే. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అక్కడ కొత్త ఊరు కట్టించేటప్పుడు చైత్యం దిబ్బను తవ్వి రాళ్ళు తీశారు. వాటిలో కొన్ని గోడల్లోకి, మెట్లలోకి వెళ్ళాయి. కొన్ని బట్టీల్లో కాలి సున్నమైపోయాయి. సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో వచ్చి శిల్పాల బొమ్మలు గీయించేనాటికి చాలా భాగం చేయి దాటిపోయింది. మిగిలినవాటిలో కొన్ని నేడు చెన్నై మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. రెండు వేల ఏళ్ళ నాటి శిల్పాన్ని కూడా బట్టీలో వేసేంత అవసరంగా ఉండేది సున్నం. కట్టుబడి పని చేసుకుని బతికిన ఇంట్లో పుట్టినవాడిగా ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోయి తేలికపాటి తెల్లగడ్డ మిగులుతుంది. దాని మీద నీళ్ళు పోస్తే బుసకొట్టి, ఆవిరి చిమ్మి, పిండిగా విరుగుతుంది. ఆ సున్నాన్ని గుంటలో నీళ్ళ కింద నానబెట్టేవారు. ఎన్ని రోజులు నానితే అంత మెత్తన. లోపల విరగని పలుకు ఒక్కటి మిగిలినా, అది గోడలోకి చేరాక నెమ్మదిగా నీరు పీల్చి, ఉబ్బి, పైపూతను పొక్కులా లేపి ఊడగొట్టేది. ఆ పొక్కు భయంతోనే గుంటలో సున్నం ఎవరూ తొందరగా ముట్టేవారు కాదు.

నానాక గానుగకు వెళ్ళేది. నేల మీద గుండ్రంగా రాతితో కట్టిన కాలువ, నడుమ గుంజ, గుంజకు తగిలించిన అడ్డదూలం, దూలానికి రాతి చక్రం, కొసన ఎద్దులు. కాలువలో సున్నం, ఇసుక, కొన్ని పనులకు ఇటుక పొడి కూడా వేసి, నీళ్ళు చిలకరిస్తూ తిప్పేవారు. మా నాన్న తాపీ కొసతో రవ్వంత తీసుకుని, రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసేవాడు. ఇసుక విడిగా గరగరలాడితే ఇంకా తిప్పమనేవాడు. తాపీ బోర్లించి పట్టుకున్నా సున్నం జారిపోకుండా ఉంటే తప్ప ఎద్దుల్ని విప్పనిచ్చేవాడు కాదు. "ఇవాళే గోడ లేపచ్చుగా మేస్త్రీ" అని ఇంటాయన అడిగితే, "రేపు పొద్దున లేపుదాం బాబుగారూ, ఈ పూట దాన్ని తిరగనివ్వండి" అనేవాడు. గానుగ చాలాసార్లు ఇంటాయన దొడ్లోనే వేసేవారు. ఎద్దులు తిరిగిన రోజుకు ఇంత అని కూలి లెక్క విడిగా ఉండేది. ఈ లెక్క సంగతి గుర్తుంచుకోండి, దాంతో మళ్ళీ పనుంది.

మిద్దె వేయాలంటే మద్రాసు టెర్రసు. టేకు దూలాల మీద సన్న ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, ఐమూలగా, గానుగ సున్నంతో పేర్చేవారు. దానిపైన ఇటుక జల్లి, సున్నం కలిపిన మందపాటి పొర. ఆ పొరను ఆడకూలీలు వరుసగా కూర్చుని కొయ్య పలకలతో రోజుల తరబడి కొట్టేవారు. పాట సాగుతుంటే అందరి పలకా ఒకేసారి పడేది. మధ్యమధ్యలో కరక్కాయలు నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు చల్లేవారు. చక్కెర తగిలితే సున్నం నీటిలో మరింత కరిగి సందుల్లోకి దిగుతుంది. ఇది కూలీలకు పుస్తకం చెప్పలేదు, పని చెప్పింది. కొట్టేకొద్దీ పొర బిగిసి, చివరికి పలక దిగబడకుండా ఎగిరి చేతికి తగిలేది. అప్పటికి పని అయినట్టు. ఎన్ని రోజులు పట్టినా అంతదాకా కొట్టాల్సిందే. సున్నానికి బలం గాలిలోంచి వస్తుంది. పోగొట్టుకున్న బొగ్గుపులుసు వాయువును గాలిలోంచి తిరిగి తీసుకుంటూ ఏళ్ళ తరబడి గట్టిపడుతుంది. సున్నం మేస్త్రీ ఆగేది ఎక్కువగా పనికి ముందే: నానబెట్టడంలో, గానుగ తిప్పడంలో. గోడలోకి వెళ్ళాక మిగతా సంగతి గాలే చూసుకునేది.

సిమెంటు ఈ వరుసను తలకిందులు చేసింది. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో 1914లో పోర్‌బందర్‌లో నిలకడగా తయారీ మొదలైంది. 1936లో పలు కంపెనీలు కలిసి ఏసీసీగా ఏర్పడ్డాయి. మాకు దగ్గరలో 1958లో మాచర్లలో కేసీపీ వారి ఫ్యాక్టరీ వచ్చింది. పల్నాటి సున్నపురాయే మళ్ళీ. ఈసారి దాన్ని బంకమట్టితో కలిపి సుమారు 1450 డిగ్రీలకు కాల్చి, జిప్సం చేర్చి పొడి చేశారు.

రాయి ఒకటే అయినా గుణం వేరు. సున్నం గుంటలో ఆగినకొద్దీ బాగుపడుతుంది. సిమెంటు బస్తాలో ఆగితే గాలిలోని తేమ తగిలి గడ్డకట్టి చెడిపోతుంది. నీళ్ళు కలిపాక అరగంట దాటితే ఎప్పుడైనా బిగియడం మొదలుపెట్టవచ్చు. ఒకసారి బిగిసిన దాన్ని మళ్ళీ నీళ్ళు పోసి కలిపితే బలం రాదు. పైగా గోడలోకి, శ్లాబులోకి వెళ్ళాక దానికి కావలసింది నీరు, గాలి కాదు. ఆగాల్సింది పని అయ్యాక, తడుపుతూ.

సున్నం పట్టిన చేతులకు ఇది వెంటనే పట్టుబడలేదు. గానుగ సున్నం తడిగా ఉంచితే మర్నాటికీ పనికొచ్చేది కాబట్టి, సాయంత్రం మిగిలిన సిమెంటు మాలును గోనెపట్టా కప్పి, పొద్దున నీళ్ళు కలిపి వాడినవాళ్ళను నేను చూశాను. పూత పూసి, ఎండితే గట్టిపడుతుందని ఎండకు వదిలేసినవాళ్ళనూ చూశాను. వాళ్ళు పని రానివాళ్ళు కారు. ముప్పై ఏళ్ళు సున్నంతో ఒక్క పగులూ రాకుండా కట్టిన మేస్త్రీలు. కొత్త సరుకు బస్తాల్లో ఊరికి చేరింది గానీ, దాన్ని వాడే తీరు బస్తా వెంట రాలేదు.

ఇంతలో 1977 నవంబరు 19 వచ్చింది. దివిసీమ ఉప్పెన మా రేపల్లె తీరాన్నీ ముంచింది. అధికారిక లెక్కల్లోనే పోయిన ప్రాణాలు దాదాపు పదివేలు. మట్టిగోడ, తాటాకు కప్పు ఆ రాత్రికి నిలవలేదు. ఆ తర్వాత తీరప్రాంతంలో పేదవాడి కోరిక కూడా ఒక్కటే అయింది: శ్లాబు. 1979లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ ఏర్పడింది. ఊళ్ళ చివర పక్కా ఇళ్ళ కాలనీలు లేచాయి. ప్రాణం కాపాడుకోవాలన్న కోరిక అది, అందులో తప్పేమీ లేదు.

అయితే ఆ రోజుల్లో సిమెంటు కంట్రోలు సరుకు. పర్మిట్ రాయించుకోవాలి, బస్తాలు వచ్చేదాకా ఎదురుచూడాలి. ఇవాళ పది, వచ్చే నెల పది అంటూ విడతలుగా దొరికేవి. చాలినన్ని పోగయ్యేసరికి ముందు వచ్చినవి గోనెసంచుల్లోనే రాయి కట్టేవి. గడ్డలు చితగ్గొట్టి, జల్లించి వాడేవారు. సరుకు ఆగకూడని చోట మనుషులు ఆగాల్సివచ్చిన కాలం అది. 1982 ఫిబ్రవరిలో కంట్రోలు కొంత సడలింది, 1989 మార్చిలో పూర్తిగా ఎత్తేశారు. దాంతో బజార్లో ఎవరికి కావలసినన్ని బస్తాలు వాళ్ళకు దొరకసాగాయి. ఊరూరా ఇళ్ళు లేచాయి. అప్పటికే గానుగలు మూలపడ్డాయి. గుండ్రటి రాతి కాలువల్లోని రాళ్ళు పశువుల తొట్ల కిందికీ మెట్లలోకీ చేరాయి.

ఇన్నేళ్ళ ఎదురుచూపు తీరాక మళ్ళీ ఆగడమంటే జనానికి ఓపిక లేకపోయింది. పైగా పని చదరపు అడుగుల లెక్కన కాంట్రాక్టుకు మారింది. సైటు మీద నేను చూసే తిప్పలన్నీ ఇక్కడే మొదలవుతాయి. శ్లాబు పోసిన మర్నాటి నుంచి దాన్ని తడిపేది ఎవరు? సెంట్రింగు అద్దె రోజులెక్కన పడుతుంటే కర్రలు ఎప్పుడు తీస్తారు? భారత ప్రమాణం ఐఎస్ 456 చెప్పేది స్పష్టం. మామూలు సిమెంటుతో పోసిన కాంక్రీటును కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ వంటివి కలిసిన సిమెంటయితే 10 రోజులు తడిగా ఉంచాలి. పొడిగా వేడిగా ఉండే కాలంలో అవి 10, 14 రోజులు. మామూలు సిమెంటుతో పోసిన, నాలుగున్నర మీటర్లలోపు శ్లాబు కింది కర్రలు 7 రోజుల దాకా, అంతకు మించితే 14 రోజుల దాకా కదపకూడదు. మా వైపు మే నెల ఎండలో ఉదయం ఒకసారి పైపు పట్టి వదిలేస్తే మధ్యాహ్నానికల్లా శ్లాబు బూడిదరంగుకు తిరుగుతుంది. శ్లాబు మీద మట్టితో చిన్న గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టాలి. స్తంభాలకు తడి గోనెపట్టాలు చుట్టాలి. వెంట్రుకవాసి పగుళ్ళలో, చెమ్మలో ఎక్కువ భాగం ఈ కొద్ది రోజుల్లో జరగని పనివల్లే వస్తుంది.

తీరం దగ్గర నీరే ఒక సమస్య. బోరు వేస్తే ఉప్పునీరు పడుతుంది. ఇనుము వేసే కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని అదే ప్రమాణం. దాటితే లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, పదేళ్ళకో పదిహేనేళ్ళకో శ్లాబు అడుగున పెచ్చులూడతాయి. పాతవాళ్ళు ముందు బావి తవ్వి నీరు రుచి చూసింది ఊరికే కాదు. నల్లరేగడి సంగతీ అంతే. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, అడుగున బల్బులా వెడల్పయ్యే అండర్‌రీమ్డ్ పైల్స్ పద్ధతిని ఇలాంటి నేలల కోసమే అభివృద్ధి చేసింది. ఎండకూ వానకూ తేమ మారని లోతుకు, సుమారు మూడున్నర మీటర్లకు దిగి అక్కడ పట్టు చిక్కించుకోవడమే దాని కిటుకు. గట్టినేల తగిలేదాకా దిగిన పాత మేస్త్రీ కూడా ఆ పట్టు కోసమే దిగాడు.

నేను సిమెంటుకు వ్యతిరేకిని కాను. ఉప్పెనకు తట్టుకున్న కప్పు అదే ఇచ్చింది. గానుగ తిరిగిరావాలని కూడా నేను కోరడం లేదు. ఆ చరిత్రలో మన పనికొచ్చే సంగతి ఒకటుంది. గానుగ రోజుల్లో ఆగిన కాలానికి కూలి ఉండేది. ఎద్దులు తిరిగిన రోజు, పలక కొట్టిన రోజు లెక్కలోకి వచ్చేవి, వాటిని ఎగ్గొడితే మేస్త్రీకే నష్టం. చదరపు అడుగు లెక్కలో తడిపిన రోజుకు పైసా లేదు. అందువల్ల ఆ రోజులు ఎగిరిపోతున్నాయి. మేస్త్రీ నిజాయితీ మీద భారమంతా వేసి, డబ్బు మాత్రం వేగానికి ఇస్తున్నాం.

అందుకే అడిగినవాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే. కాంట్రాక్టు కాగితంలో అడుగు ధర పక్కనే గడువు కూడా రాసుకోండి. ఏ పోత తర్వాత ఎన్ని రోజులు తడపాలి, ఆ నీళ్ళ ఖర్చు ఎవరిది, తడిపే మనిషి కూలి ఎంత, సెంట్రింగు ఏ తేదీకి ముందు తీయకూడదు అన్నీ విడి పద్దులుగా పెట్టి, వాటికి విడిగా డబ్బు చెల్లించండి. పోసిన ప్రతి స్తంభం మీదా, దూలం మీదా పోత తేదీ సుద్దతో రాయించండి. గోడకు కావలసిన రోజులకు వెల కట్టిన యజమానికి పనితనం చూపే మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు కొరవడింది నేర్పు కాదు, ఆగినందుకు దక్కే కూలి.