దూబ్ నిద్రపోయే మౌసమ్

డిసెంబరు వచ్చిందంటే ఇంటి ముందు కాస్త లాన్ ఉన్న ప్రతి ఖాందాన్‌లోనూ ఒకటే ఫిక్ర్. గడ్డి పసుపెక్కిపోతోంది! వెంటనే పైపు తీసుకుని పొద్దునా సాయంత్రం తడపడం, పైన గుప్పెడు యూరియా చల్లడం. హకీకత్ ఏమిటంటే ఈ ఫిక్ర్ మన నేలలో పుట్టింది కాదు. దాని తారీఖ్ వేరు.

మన లాన్‌లలో ఎక్కువగా కనిపించేది గరికే. ఉర్దూలో దూబ్. అది ఎండను ప్రేమించే గడ్డి. 25 నుంచి 35 డిగ్రీల మధ్య జోరుగా పాకుతుంది. రాత్రి చలి 10 డిగ్రీల కిందికి దిగిందా, ఎదుగుదల ఆపి రంగు మార్చేస్తుంది. పైన ఆకు ఎండినా మట్టిలో కాండాలూ వేర్లూ జిందాగానే ఉంటాయి. గరిక చస్తుందా అని దాన్ని పీకి పీకి విసిగిపోయిన రైతునడగండి! హైదరాబాద్ సర్దీకి అది సగం నిద్రే పోతుంది. ఢిల్లీలో, మనవాళ్ళుండే డల్లాస్‌లో పూర్తి నిద్ర.

ఇంగ్లండ్ గడ్డి అలా కాదు. ఫెస్క్యూ, రై లాంటి అక్కడి రకాలకు చల్లదనం, సన్నటి వాన ఇష్టం. చలికాలంలోనూ పచ్చగానే ఉంటాయి. గొర్రెలూ కొడవళ్ళూ కోసే ఆ గడ్డికి 1830లో ఎడ్విన్ బడ్డింగ్ మిషన్ తెచ్చాడు. ఉన్ని బట్ట మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి తయారుచేశాడు దాన్ని. దొరల లాన్ మామూలు ఇళ్ళకు దిగింది ఆ తర్వాతే.

లాన్ మొగలుల షౌక్ అని మనలో చాలామంది అనుకుంటారు. తాజ్ ముందు పరిచిన పచ్చదనం చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు మరి. బాబర్‌కు పచ్చిక ఇష్టమే. జలాలాబాద్ దగ్గర తాను వేయించిన బాగ్-ఎ-వఫాలో హౌజ్ చుట్టూ నారింజ, దానిమ్మ చెట్లు, వాటి చుట్టూ మూడాకుల పచ్చిక ఉండేవని తన ఆత్మకథలో రాసుకున్నాడు. కానీ చహార్‌బాగ్‌కు జాన్ నహర్‌లో పారే నీళ్ళు, నీడ, పండ్లు, ఖుష్బూ. నడిచే దారి ఎత్తులో, పూలమడి పల్లంలో ఉండేవి. ఖాళీగా, చదునుగా కత్తిరించిన గడ్డి మైదానం ఆ నక్షాకు ప్రాణం కాదు.

1632లో మొదలైన తాజ్ బాగ్‌లో ఒకప్పుడు చెట్లు దట్టంగా ఉండేవి. కంపెనీ కాలపు బొమ్మల్లో ఆ గుబురు కనిపిస్తుంది. 1899 నుంచి 1905 వరకు వైస్రాయ్‌గా ఉన్న కర్జన్ హయాంలో మరమ్మతుల పేరిట మక్బరా దూరం నుంచే కనబడేలా లాన్‌లు పరిచారు. కట్టడాలను కాపాడటానికి కర్జన్ చేసిన మెహ్నత్‌ను కాదనను. కానీ బాగ్‌ను మాత్రం తన దేశపు పార్కులా చూశాడు. ఢిల్లీలో హుమాయూన్ మక్బరా కథ ఇంకా పాతది. 1860 ప్రాంతంలో అక్కడ గుండ్రటి ఇంగ్లిష్ పూలమళ్ళు వేశారు. ఆగా ఖాన్ ట్రస్ట్ పనిచేసి 2003 నాటికి నహర్‌లలో మళ్ళీ నీళ్ళు పారించింది.

అసలు చిక్కు మౌసమ్‌లో ఉంది. సాహెబ్‌లు ఎండాకాలం సిమ్లా కొండలెక్కేవారు. మైదానాల్లో వాళ్ళ దావత్‌లు, గార్డెన్ పార్టీలు అన్నీ సర్దీలోనే. అంటే దూబ్ నిద్రపోవాలనుకునే నెలల్లోనే దాన్ని పచ్చగా చూపించాలి! ఆ బరువు మాలీ మీద, మష్క్ మోసే భిష్తీ మీద పడింది. భిష్తీ అనే మాట బిహిష్త్ నుంచి వచ్చింది, అంటే జన్నత్. 1539లో చౌసా దగ్గర హుమాయూన్‌ను నదిలో మునిగిపోకుండా కాపాడింది ఒక భిష్తీయే. ఆ ఇహ్సాన్‌కు బదులుగా బాద్‌షా అతన్ని కొద్దిసేపు తఖ్త్ మీద కూర్చోబెట్టాడని తారీఖులు చెప్తాయి. కోఠీల లాన్‌లు తడిపిన వేలమంది భిష్తీల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

రాష్ట్రపతి భవన్ బాగ్‌కు నక్షా లుటెన్స్‌ది, మొక్కల పని మస్టోది. 2023లో దాని పేరు అమృత్ ఉద్యాన్‌గా మారింది. దూబ్‌ను మొదట్లో కలకత్తా నుంచి తెప్పించారు. ఏటా వానలకు ముందు ఆ పచ్చిక మొత్తం తీసేసి కొత్త మట్టి పరుస్తారు. మూడు వారాల్లో గడ్డి మళ్ళీ అల్లుకుంటుంది. అంత పెద్ద బాగ్‌లోనూ ఈ పెద్ద పని సర్దీలో పెట్టుకోరు, గమనించండి.

మన ఇళ్ళల్లోనూ అంతే. చలి నెలల్లో నీళ్ళు తగ్గించండి. మట్టి ఆరాకే, అదీ ఎండెక్కే వేళ పెట్టండి. సాయంత్రం తడి రాత్రంతా నిలిస్తే బూజు తెగులు పడుతుంది. యూరియా వద్దు, నిద్రపోయే గడ్డి తినదు. మరీ కురచగా కత్తిరించకండి. రాలిన ఆకులు ఊడ్చేయండి. మంచు గడ్డకట్టే ఊళ్ళలో పొద్దున్నే గడ్డి మీద తొక్కనివ్వకండి, ఆకు విరిగిపోతుంది. డల్లాస్‌లో కొందరు పచ్చదనం కోసం రై విత్తనం పైన చల్లుతారు. షౌక్ ఉంటే చేసుకోవచ్చు గానీ నీళ్ళ ఖర్చు తప్పదు. న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకు ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడివి చలి గడ్డి రకాలు, వాటికి కష్టకాలం జులై. ఇక్కడ మనకు ఫిబ్రవరి చివర ఎండ ముదరగానే ఎండు పోచలు దువ్వేసి, పలచగా పశువుల ఎరువు చల్లి, అప్పుడు పైపు తీస్తే చాలు.