విశాఖలో వ్యక్తిత్వ ప్రశ్నావళి: అనువాదం, కొలత

వ్యక్తిత్వాన్ని ప్రశ్నలతో కొలిచే పద్ధతి సైన్యం అవసరాల నుంచి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనికుల కోసం రాబర్ట్ వుడ్‌వర్త్ తయారుచేసిన ప్రశ్నావళిని తొలి వ్యక్తిత్వ శోధికగా పరిగణిస్తారు. విశాఖపట్నంలో 1960ల చివర ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పారు. ఆయన, బి.కె. కాంతమణి కలిసి 1970ల తొలినాళ్లలో ప్రచురించిన అతీంద్రియ గ్రహణ పరిశోధనల్లో, అమెరికాలో రేమండ్ కాటెల్ బృందం రూపొందించిన హైస్కూలు వ్యక్తిత్వ ప్రశ్నావళిని భారతీయ విద్యార్థులకు ఇచ్చారు. అతీంద్రియ శక్తి సంగతి అలా ఉంచుదాం. అక్కడి పిల్లల కోసం రాసిన ప్రశ్నలు ఇక్కడి పిల్లల్లోనూ అదే లక్షణాన్ని కొలుస్తాయా? పెద్దల ముందు నోరు విప్పని కుర్రవాడు స్నేహితుల మధ్య వాగుడుకాయ కావచ్చు. అతని మౌనం అంతర్ముఖత్వం కాదు, మర్యాద.

మాటల చిక్కు మరొకటి. ‘యాంగ్జైటీ’కి మన పుస్తకాలు ‘ఆందోళన’ అని రాస్తాయి. 1966లో ఉక్కు కర్మాగారం కోసం విశాఖ ప్రజలు చేసినదీ ఆందోళనే! ఇంట్లో మనం వాడే మాటలు కంగారు, గాబరా, బెంగ, గుబులు. ఇవన్నీ ఒకటి కావు. ఊరెళ్లిన తల్లి మీద పిల్ల పెట్టుకునేది బెంగ. రైలు కదిలిపోతుంటే కలిగేది కంగారు.

రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో వివరించిన తిరుగు అనువాద పద్ధతి ఇక్కడ కొంతవరకే సాయపడుతుంది. ‘ఆందోళన’ను మరొకరు ఆంగ్లంలోకి మారిస్తే మళ్లీ ‘యాంగ్జైటీ’ అనే వస్తుంది. అనువాదకులిద్దరికీ నిఘంటువు ఒకటే కదా. జవాబిచ్చినవారు ఏమనుకున్నారో మాత్రం తెలియదు.

అందుకే గణాంక పరీక్ష అవసరమైంది. అనేక సమూహాలను ఒకేసారి కారక విశ్లేషణ చేసే పద్ధతిని కార్ల్ యోరెస్కోగ్ 1971లో ప్రతిపాదించాడు. దీని ఆధారంగా ‘మాపన తుల్యత’ను పరీక్షిస్తారు. ఒక లక్షణం సమాన స్థాయిలో ఉన్న ఇద్దరు వ్యక్తులు, వారి సమూహాలు వేరైనా, ఒక ప్రశ్నకు సగటున ఒకే రకంగా జవాబివ్వాలి. అలా జరగకపోతే సగటు మార్కులను పోల్చడం తొందరపాటే.

ఉక్కునగరాన్నే తీసుకోండి. తెలుగు, ఒడియా, హిందీ మాట్లాడే ఉద్యోగులకు పని ఒత్తిడి ప్రశ్నావళి ఇచ్చామనుకుందాం. ఒక భాషవారి మార్కు తక్కువ వస్తే వారికి ఒత్తిడి తక్కువని రాసేయవచ్చా? ప్రశ్న అడిగింది పైఅధికారి మనిషేమోనని “బాగానే ఉందండీ” అని ఊరుకున్నవారూ అందులో ఉండవచ్చు.