కొలంబస్ నగరం ఎలా పెరిగింది?

విద్యార్థులారా! అమెరికాలోని ఓహైయో రాష్ట్రం పటాన్ని ఒకసారి మీ ముందు పరచుకోండి. పైన ఈరీ సరస్సు ఒడ్డున క్లీవ్‌లాండ్, కింద ఓహైయో నది ఒడ్డున సిన్సినాటి, ఆ రెండింటికీ నడుమ సియోటో నది పక్కన కొలంబస్ కనిపిస్తాయి. 1950 జనాభా లెక్కల ప్రకారం క్లీవ్‌లాండ్‌లో 9,14,808 మంది ఉండేవారు. అప్పట్లో అది దేశంలోనే ఏడో పెద్ద నగరం. సిన్సినాటిలో 5,03,998 మంది, కొలంబస్‌లో 3,75,901 మంది. ఇప్పుడు 2020 లెక్కలు చూడండి. కొలంబస్ 9,05,748కి చేరింది. సిన్సినాటి 3,09,317కి దిగింది. క్లీవ్‌లాండ్ 3,72,624 దగ్గర నిలిచింది. అంటే ఒకనాటి మహానగరం, 1950 నాటి కొలంబస్ కంటే కూడా చిన్నదైపోయింది.

ఒకే రాష్ట్రం, ఒకే చట్టాలు, ఒకే కాలం. మరి ఇంత తేడా ఎందుకు వచ్చింది? ఈ పాఠంలో మనం తెలుసుకోబోయేది అదే.

కొలంబస్ దానంతట అది పుట్టిన ఊరు కాదు. 1812లో రాష్ట్ర రాజధాని కోసమే ఎంపిక చేసి, వీధులు గీసి కట్టిన పట్టణం. 1830లలో కాలువ, జాతీయ రహదారి, 1850లో రైలు వచ్చాయి. 1850లో 17,882గా ఉన్న జనాభా 1900 నాటికి 1,25,560 అయింది. 1870లో స్థాపించిన విద్యాసంస్థ తరువాత ఓహైయో స్టేట్ విశ్వవిద్యాలయంగా ఎదిగింది. ప్రభుత్వ కార్యాలయాలు, విశ్వవిద్యాలయం, బీమా కంపెనీలు – వీటి మీద బతికే ఊరు కాబట్టి, ఉక్కు, మోటారు పరిశ్రమల మీద ఆధారపడిన క్లీవ్‌లాండ్ 1970ల తరువాత తిన్న దెబ్బ దీనికి అంతగా తగలలేదు. ఇది నిజమైన కారణమే. అయితే పుస్తకాలు తరచు ఇక్కడితో ఆగిపోతాయి. అసలు కథ నీళ్ల పైపుల దగ్గర మొదలవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా అంతటా జనం నగరం వదిలి శివార్లకు కదిలారు. సైనికులకు ప్రభుత్వ హామీతో గృహరుణాలు దొరికాయి, ఇంటింటికీ కారు వచ్చింది, 1956 నుంచి జాతీయ రహదారుల నిర్మాణం మొదలైంది. ఎన్నో నగరాల చుట్టూ స్వతంత్ర శివారు పట్టణాలు వలయంలా ఏర్పడి, నగరాన్ని బిగించేశాయి. క్లీవ్‌లాండ్‌కు జరిగింది ఇదే. ఈరీ సరస్సు నీటిని ఆ నగరం తన శివారు పట్టణాలకు అమ్ముకుంది తప్ప, నీళ్లు ఇచ్చినందుకు వాటిని తనలో కలుపుకోలేదు. నీళ్లు దొరికాక వాటికి నగరంలో కలవాల్సిన అవసరం ఏముంటుంది? ఫలితంగా క్లీవ్‌లాండ్ విస్తీర్ణం 1950లోనూ, 2020లోనూ సుమారు 200 చదరపు కిలోమీటర్లే.

కొలంబస్‌లో 1954లో జాక్ సెన్సెన్‌బ్రెన్నర్ మేయరుగా పదవి చేపట్టారు. 1950లలో ఒకసారి, 1964 నుంచి 1971 వరకు మరోసారి ఆయన మేయరుగా పనిచేశారు. ఆయన కాలంలో అమలైన విధానాన్ని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: మా నీళ్లు, మా డ్రైనేజీ కావాలంటే మా నగరంలో చేరండి. ఓహైయోలో భూమిని నగరంలో కలపాలంటే సాధారణంగా ఆ భూమి యజమానులే అర్జీ పెట్టుకోవాలి. అందువల్ల నగరం ఎవరినీ బలవంతం చేయనక్కర్లేకపోయింది. పొలం కొని వందల ఇళ్లు కట్టాలనుకునే వ్యాపారి చిన్న చిన్న ప్లాట్లలో బావులూ సెప్టిక్ ట్యాంకులూ పెట్టి కాలనీ నడపలేడు. పైపులైను కావాలి. పైపులైను నగరం చేతిలో ఉంది. అర్జీ మీద సంతకం పడేది.

ఆ పైపుల్లోకి నీళ్లు కూడా ఉండాలి కదా. 1955లో బిగ్ వాల్‌నట్ అనే వాగు మీద హూవర్ జలాశయం పూర్తయింది. పరీక్షల్లో చాలామంది పొరబడే పేరు ఇది. కొలరాడో నది మీది ప్రఖ్యాత హూవర్ ఆనకట్ట వేరు, ఇది వేరు. దీనికి ఆ పేరు దేశాధ్యక్షుడి మీద పెట్టినది కాదు, కొలంబస్ నీటి సరఫరా విభాగంలో పనిచేసిన ఇద్దరు అన్నదమ్ముల పేరు మీద పెట్టారు.

విస్తరణలో ఒక యుక్తి కూడా ఉంది. శివారు పట్టణాలు ఒకదానితో ఒకటి కలిసి వలయం కట్టకముందే, వాటి సందుల్లోంచి పొడవాటి పట్టీల్లా భూమిని కలుపుకుంటూ బయటికి సాగడం. అందుకే కొలంబస్ పటం ఇవాళ చూస్తే చిరిగిన గుడ్డలా ఉంటుంది. బెక్స్‌లీ లాంటి చిన్న పట్టణాలు సొంత మేయరుతో, సొంత పోలీసులతో, చుట్టూ కొలంబస్ ఆవరించి ఉండగా ద్వీపాల్లా మిగిలాయి.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. 1950లో నగర విస్తీర్ణం సుమారు 39 చదరపు మైళ్లు. 1970 నాటికి అది సుమారు 135 చదరపు మైళ్లు అయింది, జనాభా 5,39,677. భాగించి చూడండి. 1950లో చదరపు మైలుకు సుమారు 9,500 మంది ఉంటే, 1970లో సుమారు 4,000 మంది. అంటే జనాభా 44 శాతం పెరిగిన ఇరవై ఏళ్లలో జనసాంద్రత సగానికి పైగా పడిపోయింది! 1950 నాటి సరిహద్దుల లోపలి పాత పేటలను మాత్రమే విడిగా లెక్కిస్తే, అక్కడ జనం ఆ తరువాతి దశాబ్దాల్లో పెరగలేదు సరికదా, బాగా తగ్గారు. క్లీవ్‌లాండ్‌లో జరిగినదే కొలంబస్ నడిబొడ్డున కూడా జరిగింది. కాకపోతే ఇక్కడ బయటికి వెళ్లినవారి వెంటే నగర సరిహద్దు కూడా వెళ్లింది. వారు లెక్కలోంచి జారిపోలేదు.

ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. 2007లో హైదరాబాద్ నగరపాలక సంస్థతో 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి గ్రేటర్ హైదరాబాద్‌ను ఏర్పాటు చేశారు. 2001లో సుమారు 36 లక్షలుగా ఉన్న నగర జనాభా 2011 లెక్కల్లో 67 లక్షలు దాటింది. పదేళ్లలో అంతమంది కొత్తగా వచ్చి చేరారా? కూకట్‌పల్లి, ఎల్బీ నగర్ వాసుల్లో చాలామంది అంతకుముందూ అక్కడే ఉన్నారు. మారింది గీత.

ఇక ఈ పెరుగుదల ఎవరికి ఎలా అందిందో చూద్దాం. నా దృష్టిలో ఈ పాఠంలో ముఖ్యమైన భాగం ఇదే.

1960లలో రహదారులు నగరం మధ్య నుంచి వెళ్లాయి. తూర్పు వైపున హాన్‌ఫర్డ్ విలేజ్ అనే పేట ఉండేది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన నల్లజాతి సైనికుల కుటుంబాలు ఇళ్లు కొనుక్కున్న చోటు. 70వ నంబరు అంతర్‌రాష్ట్ర రహదారి దాన్ని చీల్చుకుంటూ పోయింది. అదే కాలంలో మొదలై 1975లో పూర్తయిన ఔటర్ రింగ్ రోడ్డు మాత్రం బయటి పొలాలకు విలువ పెంచింది.

తరువాత బడుల విషయం. అమెరికాలో పాఠశాల జిల్లా వేరు, నగరం వేరు. పాఠశాల జిల్లాకు ప్రత్యేకంగా ఎన్నికైన బోర్డు, ప్రత్యేకంగా ఆస్తిపన్ను ఉంటాయి. కొలంబస్ పాఠశాల బోర్డు నల్లజాతి పిల్లలను కావాలనే వేరుగా ఉంచిందని 1977లో ఫెడరల్ న్యాయమూర్తి రాబర్ట్ డంకన్ తీర్పు చెప్పారు. 1979లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ ఏడాది నుంచే పిల్లలను బస్సుల్లో ఒక పేట నుంచి మరో పేట బడికి పంపడం మొదలైంది. అయితే కొత్తగా నగరంలో కలిసిన భూముల్లో చాలా వాటికి కొలంబస్ బడులు వర్తించవు. అవి పాత శివారు పాఠశాల జిల్లాల్లోనే ఉండిపోయాయి. 1986లో కుదిరిన ఒక ఒప్పందం ఆ ఏర్పాటును స్థిరపరచింది. ఇల్లు కొనే కుటుంబానికి దీని అర్థం ఏమిటి? నీళ్లు కొలంబస్‌వి, పోలీసులు కొలంబస్ వారు, పిల్లల బడి మాత్రం డబ్లిన్‌దో హిల్లియర్డ్‌దో. స్తోమత ఉన్నవారు నగరం దాటకుండానే నగరం బడులను దాటిపోయారు. 1970ల తొలినాళ్లలో కొలంబస్ పాఠశాల జిల్లాలో సుమారు 1,10,000 మంది విద్యార్థులు ఉండేవారు. 2020ల నాటికి ఆ సంఖ్య 50,000 లోపుకు పడిపోయింది. నగర జనాభా తొమ్మిది లక్షలు దాటిన సంవత్సరాలవి!

పెరుగుదల అంతా గీతల మాయేనా అంటే, కాదు. నగరాన్ని, దాని చుట్టూ ఉన్న కౌంటీలను (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కలిపి చూసే మెట్రో ప్రాంతం లెక్క ఉంది. నగరాలను పోల్చడానికి నగర జనాభా కంటే ఇదే నమ్మదగిన కొలత అని నా అభిప్రాయం. ఈ కొలతతో చూస్తే 2020లో సిన్సినాటి ప్రాంతంలో 22.57 లక్షలు, కొలంబస్ ప్రాంతంలో 21.39 లక్షలు, క్లీవ్‌లాండ్ ప్రాంతంలో 20.88 లక్షల మంది. మూడు నగరాలూ దాదాపు భుజం భుజం కలిపి నిలబడ్డాయి. మొదట మనల్ని ఆశ్చర్యపరిచిన తేడా ఏమైపోయింది? ఇంకో వింత చెబుతాను. 2023లో క్లీవ్‌లాండ్ ప్రాంతంలో ఆష్టబ్యూలా కౌంటీని కూడా చేర్చారు. దానితో అదే 2020 లెక్క 21.86 లక్షలై కొలంబస్‌ను మించింది. మెట్రో గీత కూడా గీతే మరి.

అయినా కొలంబస్ ప్రాంతం నిజంగానే పెరుగుతోంది. ఉత్తరాన ఉన్న డెలావేర్ కౌంటీ 1990లో 66,929 నుంచి 2020లో 2,14,124కి పెరిగింది. 1990ల నుంచి సోమాలియా శరణార్థులు వేల సంఖ్యలో వచ్చి స్థిరపడ్డారు. 2008 నుంచి మన ఉపఖండం వారూ వచ్చారు. భూటాన్ నుంచి వెళ్లగొట్టబడి, తూర్పు నేపాల్ శిబిరాల్లో పదిహేనేళ్లకు పైగా గడిపిన నేపాలీ భాషీయులు వీరు. మొదట అమెరికాలోని వేరే ఊళ్లలో దిగినవారు కూడా బంధువులు ఉన్నారని, పని దొరుకుతుందని కొలంబస్‌కు తరలివచ్చారు. ఇవాళ ఆ దేశంలోని అతి పెద్ద భూటానీ సముదాయాల్లో ఇది ఒకటి. ఓహైయో స్టేట్‌లో చదువుకోవడానికో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికో వెళ్లిన తెలుగువారు మీ బంధువుల్లోనే ఉండవచ్చు. ఉంటే, వారి ఇల్లు ఏ నగరం కింద ఉందో, పిల్లల బడి ఏ జిల్లా కిందకు వస్తుందో అడిగి చూడండి. రెండూ ఒకటే అయితే సరే, కాకపోతే దాని వెనక ఉన్న చరిత్ర మీకిప్పుడు తెలుసు.

2022 జనవరిలో ఇంటెల్ సంస్థ కొలంబస్‌కు ఈశాన్యాన లికింగ్ కౌంటీలో చిప్పుల కర్మాగారం కడతామని ప్రకటించింది. పనులు తరువాత ఆలస్యమయ్యాయి. చిప్పుల తయారీకి నీళ్లు విపరీతంగా కావాలి. ఆ నీళ్లు ఇవ్వడానికి ముందుకొచ్చింది కొలంబసే. కానీ ఆ భూమిని ఈసారి కలుపుకున్నది కొలంబస్ కాదు, న్యూ ఆల్బనీ అనే పక్క పట్టణం.