వైఫై నెట్‌వర్క్‌ల స్వయంచాలక మార్పిడి

వైఫై నెట్‌వర్క్‌ల స్వయంచాలక మార్పిడి అంటే తెర వెనుక నడిచే ఒక ప్రోగ్రామ్ చుట్టుపక్కల ఉన్న వైఫై నెట్‌వర్క్‌లను కనిపెట్టుకుని ఉండి, కంప్యూటర్‌ను తగిన నెట్‌వర్క్‌కు తనంతట తానే కలపడం, అవసరమైనప్పుడు ఒకదాని నుంచి మరొకదానికి మార్చడం. విండోస్‌లో ఈ పని డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ అనే సర్వీసుది. లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా నెట్‌వర్క్‌మేనేజర్ చేస్తుంది. నెట్‌వర్క్ మారడానికి కొన్ని సెకన్లు చాలు. మారాలా, ఉన్నచోటే ఉండాలా అని తేల్చడమే కష్టం. అందుకే ఈ ప్రోగ్రాములు చాలావరకు, చేతిలోని నెట్‌వర్క్ పనిచేస్తున్నంతసేపు దాన్ని వదలని విధంగా తయారయ్యాయి.

పదాలు, పరిధి

తెర వెనుక ఆగకుండా నడిచే ప్రోగ్రామ్‌ను యూనిక్స్, లినక్స్ వాడుకలో డీమన్ అంటారు. 1960లలో ఎంఐటీలోని ప్రాజెక్ట్ మాక్‌లో ఫెర్నాండో కార్బటో బృందం ఈ మాటను వాడుకలోకి తెచ్చింది. భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఊహించిన, అలుపు లేకుండా అణువులను వేరుచేస్తూ ఉండే భూతం దీనికి మూలం. విండోస్‌లో ఇలాంటి ప్రోగ్రామ్‌ను సర్వీసు అంటారు.

మార్పిడి రెండు రకాలు. ఒకే పేరుతో ప్రసారం చేసే రెండు యాక్సెస్ పాయింట్ల మధ్య మారడం రోమింగ్. కాలేజీ భవనంలో ఒక అంతస్తు నుంచి మరో అంతస్తుకు వెళ్లినప్పుడు జరిగేది ఇదే. అక్కడ సాధారణంగా ఐపీ చిరునామా మారదు కాబట్టి వాడేవారికి తేడా తెలియదు. వేర్వేరు పేర్లు, వేర్వేరు పాస్‌వర్డ్‌లు ఉన్న నెట్‌వర్క్‌ల మధ్య మారడం రెండో రకం. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ నుంచి ఫోన్ హాట్‌స్పాట్‌కు మారడం ఇలాంటిది. ఇందులో ఐపీ చిరునామాతో పాటు బయటికి వెళ్లే దారి కూడా మారిపోతుంది. ఈ వ్యాసం ప్రధానంగా రెండో రకం గురించి.

చరిత్ర

వైఫైకి ఆధారమైన 802.11 ప్రమాణం 1997లో వెలువడింది. 1999లో ఆపిల్ ఐబుక్ ల్యాప్‌టాప్‌కు ఎయిర్‌పోర్ట్ కార్డును అందుబాటులోకి తెచ్చాక వైఫై సామాన్య వినియోగదారులకు చేరువైంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో వైర్‌లెస్ జీరో కాన్ఫిగరేషన్ అనే సర్వీసు ఉండేది. తెలిసిన నెట్‌వర్క్‌ల జాబితాను పైనుంచి కిందికి చూసి, మొదట దొరికినదానికి కలపడం దాని పద్ధతి. విస్టా నుంచి దాని స్థానంలో డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ వచ్చింది.

అప్పట్లో లినక్స్‌లో వైఫైకి కలవాలంటే టెర్మినల్‌లో ఆదేశాలు టైపు చేయాలి, లేదా సెట్టింగ్స్ ఫైళ్లను చేత్తో దిద్దాలి. 2003లో జౌని మాలినెన్ మొదలుపెట్టిన డబ్ల్యూపీఏ సప్లికెంట్ రహస్య సంకేతాల మార్పిడి, నెట్‌వర్క్ ఎంపిక పనులను చేపట్టింది. 2004లో రెడ్ హ్యాట్ సంస్థ నెట్‌వర్క్‌మేనేజర్‌ను ప్రారంభించింది. పదేళ్లకు, 2014 డిసెంబరులో, దాని 1.0 వెర్షన్ విడుదలైంది. ఇంటెల్ ఆధ్వర్యంలో తయారైన ఐడబ్ల్యూడీ అనే తేలికపాటి డీమన్ 2019లో 1.0 స్థాయికి చేరింది.

పనిచేసే తీరు

మొదటి దశ వెతకడం. ప్రతి యాక్సెస్ పాయింట్ సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి తన పేరును, సామర్థ్యాలను తెలిపే బీకన్ సంకేతాన్ని పంపుతుంది. కంప్యూటర్ ఒక్కో ఛానల్‌లో కాసేపు ఆగి వీటిని వినవచ్చు, లేదా ‘ఎవరున్నారు’ అని తానే ప్రశ్న పంపి జవాబుల కోసం చూడవచ్చు. ఇతర ఛానళ్లు వింటున్న కాసేపు రేడియో తన సొంత ఛానల్‌లో సమాచారం అందుకోలేదు. వీడియో కాల్ మధ్యలో అప్పుడప్పుడు మాట తెగడానికి ఇదీ ఒక కారణం. అందుకే ఎంత తరచుగా వెతకాలన్నది సిగ్నల్‌ను బట్టి ఉంటుంది. డబ్ల్యూపీఏ సప్లికెంట్‌లో, సిగ్నల్ ఒక హద్దు కంటే తగ్గితే 30 సెకన్లకు ఒకసారి, బాగుంటే 300 సెకన్లకు ఒకసారి వెతకమని చెప్పే వీలుంది.

రెండో దశ కొలవడం. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో, సాధారణంగా రుణ సంఖ్యలుగా చూపుతారు. ఇది సంవర్గమాన కొలమానం. 10 తేడా ఉంటే బలంలో పదిరెట్ల తేడా ఉన్నట్టు. అంటే మైనస్ 50 దగ్గరి సిగ్నల్ మైనస్ 70 దగ్గరి సిగ్నల్ కంటే వంద రెట్లు బలమైనది. ఐడబ్ల్యూడీ రోమింగ్ ఆలోచన మొదలుపెట్టే హద్దు, ముందే అమర్చిన విలువల ప్రకారం, మామూలుగా మైనస్ 70, కాగా 5 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాలలో మైనస్ 76.

మూడో దశ ఎంపిక. తెలిసిన నెట్‌వర్క్‌లు, వాటి ప్రాధాన్యం, చివరిసారి ఎప్పుడు వాడారన్నది ఇక్కడ లెక్కలోకి వస్తాయి. ఎంపిక పూర్తయ్యాక పాస్‌వర్డ్ సరిచూడటం, డీహెచ్‌సీపీ ద్వారా ఐపీ చిరునామా తెచ్చుకోవడం జరుగుతాయి.

ఎప్పుడు మారాలి?

‘ఎక్కువ సిగ్నల్ ఉన్నదానికి మారు’ అనే ఒక్క నియమంతో ప్రోగ్రామ్ రాస్తే అది గోడమీది పిల్లిలా ప్రవర్తిస్తుంది. మనిషి అడ్డుగా నడిచినా, తలుపు మూసినా సిగ్నల్ కొన్ని డెసిబెల్‌లు అటూ ఇటూ అవుతుంది. దాదాపు సమాన బలం ఉన్న రెండు నెట్‌వర్క్‌ల మధ్య కంప్యూటర్ అటొకసారి, ఇటొకసారి గెంతుతూనే ఉంటుంది. మారిన ప్రతిసారీ కనెక్షన్ తెగుతుంది.

దీనికి విరుగుడు గది చల్లబడగానే ఆగి, కాస్త వేడెక్కాకే మళ్లీ నడిచే ఏసీలో ఉంది. ఆగే హద్దు, మొదలయ్యే హద్దు వేరువేరుగా ఉంటాయి. వైఫై విషయంలో ఇప్పటి సిగ్నల్ ఒక హద్దు దిగువకు పడిపోవాలి, కొత్తది దానికంటే చెప్పుకోదగ్గంత మెరుగ్గా ఉండాలి, ఈ రెండూ ఒక్క కొలతలో కాక వరుసగా కొన్ని కొలతల్లో నిజం కావాలి. ఒకసారి మారాక కొంతసేపు మళ్లీ మారకుండా నిలిపి ఉంచడం నాలుగో షరతు.

నెట్‌వర్క్‌మేనేజర్ ఉదాహరణ

నెట్‌వర్క్‌మేనేజర్ ప్రతి నెట్‌వర్క్‌కు ఒక ప్రొఫైల్ ఉంచుకుంటుంది. అందులో ఆటోకనెక్ట్ ప్రాధాన్యాన్ని మైనస్ 999 నుంచి 999 వరకు ఇవ్వవచ్చు. ఏమీ ఇవ్వకపోతే సున్నా. ప్రాధాన్యాలు సమానమైతే ఇటీవల వాడినదానికి మొగ్గు ఉంటుంది. చాలామంది పొరబడే అంశం ఇక్కడే ఉంది: కనెక్షన్ లేనప్పుడు మాత్రమే ఈ ప్రాధాన్యాన్ని చూస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో సాఫీగా పని జరుగుతుంటే, ఎక్కువ ప్రాధాన్యం ఉన్న ఇంటి వైఫై అందుబాటులోకి వచ్చినా హాట్‌స్పాట్‌ను వదలదు. విండోస్‌లో మాత్రం ప్రొఫైల్‌లోని ఆటోస్విచ్ అనే అమరికను ఆన్ చేస్తే, పనిచేస్తున్న నెట్‌వర్క్‌ను వదిలి జాబితాలో పైన ఉన్నదానికి మారే వీలుంటుంది.

వైరు, వైఫై రెండూ ఉన్నప్పుడు మారడానికి ఏదీ తెంచనక్కర లేదు. నెట్‌వర్క్‌మేనేజర్ ఈథర్‌నెట్ దారికి 100, వైఫై దారికి 600 అనే అంకెలు ఇస్తుంది. తక్కువ అంకె ఉన్న దారికే ముందుచోటు. కేబుల్ పెట్టగానే రాకపోకలు అటు మళ్లుతాయి, తీయగానే వైఫైకి తిరిగివస్తాయి.

సొంత ప్రోగ్రాములు

ఉన్న నెట్‌వర్క్‌ను త్వరగా వదలని ఈ తీరు నచ్చనివారు, లేదా ప్రత్యేక అవసరాలు ఉన్నవారు, చిన్న స్క్రిప్టు రాసుకుంటారు. లినక్స్‌లో ఎన్ఎంసీఎల్ఐ అనే ఆదేశం చుట్టూ ఉన్న నెట్‌వర్క్‌ల జాబితాను, వాటి బలాన్ని ఇస్తుంది. కోరినదానికి కలిపేదీ అదే. విండోస్‌లో నెట్‌ష్ ఆదేశం ఈ పని చేస్తుంది. స్క్రిప్టును లినక్స్‌లో సిస్టమ్‌డీ సర్వీసుగా, విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్ ద్వారా నిత్యం నడిపించవచ్చు.

మాటిమాటికీ అడిగే పద్ధతి కంటే, ఏదైనా జరిగినప్పుడే మేలుకునే పద్ధతి బ్యాటరీకి మంచిది. నెట్‌వర్క్‌మేనేజర్‌కు డిస్పాచర్ అనే ఫోల్డర్ ఉంది. కనెక్షన్ కుదిరినా తెగినా అందులోని స్క్రిప్టులు నడుస్తాయి. ఆఫీసు నెట్‌వర్క్‌కు చేరగానే వీపీఎన్ ఆపడం, హాట్‌స్పాట్ మీద ఉన్నప్పుడు బ్యాకప్ నిలిపివేయడం వంటివి దీనితో సాధ్యం. ఇవి పూర్తి అధికారాలతో నడుస్తాయి కాబట్టి, రూట్ అనే నిర్వాహక ఖాతా తప్ప ఇతరులు దిద్దగలిగే ఫైళ్లను నెట్‌వర్క్‌మేనేజర్ అమలు చేయదు.

కనెక్షన్ ఉన్నా ఇంటర్నెట్ లేకపోవడం

సిగ్నల్ నిండుగా ఉన్నంత మాత్రాన ఇంటర్నెట్ ఉందని కాదు. రూటర్ వెలుగుతూనే ఉండి, దాని వెనుక ఫైబర్ తెగిపోవచ్చు. భారత రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ అందించే వైఫై 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌కు, అదే ఏడాది విజయవాడ, విశాఖపట్నం, కాచిగూడ స్టేషన్లకూ వచ్చింది. అక్కడ కంప్యూటర్ నెట్‌వర్క్‌కు కలిసినా, ఫోన్‌కు వచ్చే ఓటీపీని పేజీలో నింపేవరకు దారి తెరుచుకోదు. ఇలాంటి లాగిన్ పేజీని క్యాప్టివ్ పోర్టల్ అంటారు. దీన్ని పసిగట్టడానికి విండోస్, నెట్‌వర్క్‌మేనేజర్ రెండూ ముందే తెలిసిన ఒక వెబ్ చిరునామాను అడిగి, రావలసిన జవాబే వచ్చిందో లేదో చూస్తాయి. సిగ్నల్ ఒక్కదాన్నే నమ్మే సొంత స్క్రిప్టులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

నడుస్తున్న పనులపై ప్రభావం

టీసీపీ కనెక్షన్‌ను గుర్తించేది రెండు చివరల ఐపీ చిరునామాలు, పోర్టు సంఖ్యలే. చిరునామా మారితే డౌన్‌లోడ్, రిమోట్ లాగిన్ వంటివి తెగిపోతాయి. ఈ ఇబ్బందిని తగ్గించడానికి ఒకే కనెక్షన్‌ను పలు దారుల్లో నడిపే మల్టీపాత్ టీసీపీ వచ్చింది. ఆపిల్ 2013లో ఐఓఎస్ 7లో సిరి కోసం దీన్ని వాడింది. 2021లో ప్రమాణంగా వెలువడిన క్విక్ అనే ప్రోటోకాల్, కనెక్షన్‌కు చిరునామాతో సంబంధం లేని ఒక గుర్తింపు సంఖ్యను ఇస్తుంది కాబట్టి, దారి మారినా సంభాషణ కొనసాగవచ్చు.

భద్రత

స్వయంచాలకంగా కలిసే కంప్యూటర్ పేరును చూసి నమ్ముతుంది. పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్‌కు పేరు తప్ప మరో ఆనవాలు ఉండదు. కంప్యూటర్లు తమకు తెలిసిన పేర్లను గాలిలో పలికే అలవాటును ఆసరా చేసుకుని, ఏ పేరు పిలిచినా ‘నేనే’ అని పలికే నకిలీ యాక్సెస్ పాయింట్‌తో వాటిని లాగవచ్చని 2005లో డీనో డై జోవీ, షేన్ మెకాలీ తమ పరిశోధన పత్రంలో చూపారు. ఈ దాడికి కర్మ అని పేరు. తర్వాతి వ్యవస్థలు మామూలు నెట్‌వర్క్‌ల పేర్లను ఇలా బయటపెట్టడం చాలావరకు మానుకున్నాయి. అయితే పేరు దాచిన నెట్‌వర్క్‌ను వెతకాలంటే ఆ పేరును పలకక తప్పదు. అందువల్ల పేరు దాచడం రక్షణ అనుకున్నవారి ల్యాప్‌టాప్ వెళ్లినచోటల్లా ఆ పేరును చాటుతుంది.

పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్‌లకు ఆటోకనెక్ట్ ఆపివేయడం, ప్రయాణంలో ఒకసారి వాడిన పేర్లను జాబితా నుంచి తొలగించడం సాధారణంగా పాటించే జాగ్రత్తలు. ప్రోగ్రామ్ ఆ జాబితాలోంచే ఎంచుకుంటుంది కాబట్టి, జాబితా ఎంత కుదురుగా ఉంటే దాని నిర్ణయాలు అంత నమ్మదగినవిగా ఉంటాయి.