పాస్‌వర్డు పూర్వచరిత్ర

ఒకే గణకయంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొను పద్ధతి 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బాటో నాయకత్వమున కార్యరూపము దాల్చినప్పుడు, యంత్రము ఉమ్మడిదైనను అందు దాచుకొనిన దస్త్రములు ఎవరివి వారివే గనుక, ఒకరి సొత్తును మరియొకరు ముట్టకుండుటకును, ఎవరి వంతు కాలమును వారే అనుభవించుటకును పాస్‌వర్డు అను కట్టుబాటు ఏర్పడెను.

అయితే ఆ పదములన్నియు ఒక్క దస్త్రమున, కంటబడినవారెల్లరు చదువగల రూపముననే ఉండెను. తన వంతైన వారమునకు 4 గంటల కాలము చాలకపోగా, అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, 1962లో ఒక శుక్రవారము రాత్రి, ఆ దస్త్రమును అచ్చువేయుమని కోరు పంచ్‌కార్డును యంత్రమున కర్పించి, మరునాటి ఉదయమున కాగితములను నిరాటంకముగా తీసికొనిపోయెను. మరియొకప్పుడు ఇరువురు నిర్వాహకులు, ఒకరు ఆనాటి ప్రకటనను, వేరొకరు పాస్‌వర్డుల పట్టికను సవరించుచుండగా, రెంటి తాత్కాలిక ప్రతులు తారుమారై, యంత్రమున ప్రవేశించిన ప్రతివాని యెదుటను అందరి రహస్యములును అచ్చయ్యెను.

కావలివానికి రహస్యము తెలిసియుండుటయే ఇట్టి అనర్థములకు మూలమని గ్రహించి, 1960ల ఉత్తరార్ధమున ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రోజర్ నీడమ్ అను శాస్త్రజ్ఞుడు చూపిన ఉపాయము మిక్కిలి గంభీరమైనది: పిండి మరల ధాన్యము కానట్లు, పదమును తిరిగి రాబట్టరాని రూపమునకు మార్చి, ఆ రూపమునే దాచుట; ప్రవేశింపవచ్చినవాడు చెప్పిన పదమును అట్లే మార్చి, దాచినదానితో సరిచూచుట. బెల్ ల్యాబ్స్‌కు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్‌లు 1979లో ప్రకటించిన వ్యాసమున, ఇరువురు ఒకే పదము నెన్నుకొనినను దాచిన రూపములు వేరగునట్లు, ప్రతి పదమునకును ఒక యాదృచ్ఛిక సంఖ్యను జోడించు పద్ధతిని వివరించిరి. కాని వారే పరిశీలించిన 3,289 పాస్‌వర్డులలో 86 శాతము, మిక్కిలి పొట్టివో, నిఘంటువున దొరకునవో అయి, సులభముగ బయటపడదగినవిగా నుండెను.

నేడు బ్యాంకు ఖాతాలును, వైద్యుల నివేదికలును, ఆప్తుల ఉత్తరములును ఈ పదముల చాటుననే యున్నవి. మరచిన పాస్‌వర్డును యథాతథముగ మనకు తిరిగి పంపగల సంస్థ, దానిని రాబట్టదగిన రూపముననే దాచినదని తెలిసికొనవలెను. దీర్ఘమై, ఎవరి యూహకు నందనిదై, ఒక్కొక్కచోటికి ఒక్కొక్కటియైన పదము నెన్నుకొనుట మన వంతు. తామైనను చదువలేని రీతిని దానిని భద్రపరచుట సంస్థల ధర్మము. ఆ ధర్మమును పాటించుచున్నారా యని వారిని నిలదీసి యడుగుట మన హక్కు.