మహాయుగ సంఖ్యా విచారము



నిత్యము సంకల్పము చెప్పుకొనునప్పుడు మనము కల్పమును, మన్వంతరమును, యుగమును స్మరించుచున్నాము. ఆ గణనకంతకును ఆధారమైన సంఖ్య 43,20,000. ఇన్ని మానవ సంవత్సరములు ఒక మహాయుగము. 12,000 దివ్యవర్షములను 360చే గుణించిన నీ సంఖ్య వచ్చును. కృత, త్రేతా, ద్వాపర, కలియుగములు దీనిని 17,28,000, 12,96,000, 8,64,000, 4,32,000గా, అనగా 4, 3, 2, 1 పాళ్లుగా పంచుకొనును.

ఇంత పెద్ద సంఖ్య ఆశ్చర్యము గొల్పుటకు మాత్రమే చెప్పబడినదని తలపరాదు. ఎనిమిది రెండ్లు, మూడు మూళ్లు, నాలుగు అయిదులు కలిపి గుణించిన నిది యేర్పడును. కావున దీనిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలు 180 కలవు. 7 మాత్రము భాగింపజాలదు.

ఆ చిక్కు మన్వంతరములయందు కనబడును. వేయి మహాయుగముల కల్పమును పదునలుగురు మనువులకు పంచవలెను. ఒక్కొక్కరికి 71 చొప్పున 994 పోగా 6 మిగులును. సూర్యసిద్ధాంతము ఆ ఆరింటిని విడువలేదు. కృతయుగ ప్రమాణము గల సంధులు 15 చెప్పినది. 17,28,000ను 15చే గుణించి చూడుడు. సరిగా ఆరు మహాయుగములగును.

జ్యోతిష్కులకు ఈ సంఖ్య మరియొక విధముగా నుపకరించినది. సంవత్సరమునకు 365 దినములపైన కొంత భిన్నము కలదు. దానిని భిన్నముగా చెప్పక, మహాయుగమునకు దినములెన్నియో పూర్ణసంఖ్యగా చెప్పిరి. ఆర్యభటీయమున 157,79,17,500, సూర్యసిద్ధాంతమున 157,79,17,828. ఈ 328 దినముల భేదము ఒక్క సంవత్సరమునకు ఏడు సెకన్లయినను కాదు. నేటి ఖగోళశాస్త్రము నిర్ణయించిన నాక్షత్ర సంవత్సరముకంటె సూర్యసిద్ధాంత మానము సుమారు మూడున్నర నిమిషములు మాత్రమే యధికము.

ఆర్యభటుడు నాలుగు యుగపాదములను సమానముగా, 10,80,000 చొప్పున విభజించెను. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు అది స్మృతిసమ్మతము కాదని యాక్షేపించెను. వాదమెంత జరిగినను మహాయుగ సంఖ్యను ఇరువురును విడువలేదు. సంఖ్యను పెద్దలనుండి గ్రహించిరి. దినములను గణించి సవరించుకొనిరి.

ఇచట ఒక మాట చెప్పక తప్పదు. కల్పప్రమాణము 432 కోట్ల సంవత్సరములు. శాస్త్రజ్ఞులు చెప్పు భూమి వయస్సు సుమారు 454 కోట్లు. ఈ రెండును దగ్గరగా నున్నవని కొందరు సభలలో ఘనముగా చెప్పుచున్నారు. మేము దీనిని అంగీకరింపము. 432 కోట్లు బ్రహ్మకు ఒక పూర్తి పగలు. అది యింకను ముగియలేదు. మన సిద్ధాంతముల ప్రకారము ఈ కల్పమున గడచినది సుమారు 197 కోట్లు మాత్రమే. గడచినదానిని మొత్తముతో కలిపి చెప్పుట మన శాస్త్రమునకే విరుద్ధము. అట్టి పొగడ్త పిల్లలు ప్రశ్నించిన నాడు నిలువదు. వారికి శాస్త్రముపైననే విశ్వాసము సడలును.

కావున సంకల్పము చెప్పువారు ఇంటిలోని పిల్లలకు ఈ గుణకార భాగహారములను ఒకమారు చేసి చూపుదురుగాక. లెక్క తెలిసి చెప్పిన సంకల్పమున శ్రద్ధ దృఢమగును.

శుభం భూయాత్.